వయ్యారిభామ పక్కన గడ్డి ఎందుకు మొలవదు?



తొలకరి పడి రెండు వారాలు గడిచాక అనంతపురం వైపు గానీ, మహబూబ్‌నగర్ వైపు గానీ రోడ్డు పక్క బీడును కాస్త వంగి చూడండి. గరిక, పల్లేరు, ఉత్తరేణి, తుమ్మి, వెంపలి కలిసి మొలుస్తాయి. ఒకదాని సందులో ఇంకొకటి సర్దుకుంటుంది. గొర్రెలు వచ్చి మేసిపోతాయి, నాలుగు రోజులకు మళ్లీ చిగురు వస్తుంది. అదే బీడులో వయ్యారిభామ పట్టిన చోటు వేరుగా ఉంటుంది. మొదట దాని ఆకులు నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకుంటాయి. తర్వాత నడిమి నుంచి కాండం లేచి, కొమ్మలు వేసి, మనిషి నడుము దాకా పెరిగి, చిన్న చిన్న తెల్లపూలతో నిండిపోతుంది. ఆ గుబురు కింద నేల కనిపిస్తుంది గానీ గడ్డిపోచ కనిపించదు.

త్వరగా పెరుగుతుంది కాబట్టి, ఎండను అడ్డుకుంటుంది కాబట్టి, పశువులు ముట్టవు కాబట్టి అని రైతులు చెబుతారు. అవన్నీ నిజాలే. మొలిచిన నాలుగైదు వారాలకే పూతకు రాగలదు. ఒక్క మొక్క పదిహేను వేల నుంచి పాతిక వేల దాకా విత్తనాలు రాలుస్తుంది. అయితే ఎండ, నీరు, విత్తనాల లెక్కలతో ఈ కథ పూర్తి కాదు. వయ్యారిభామ చుట్టూ ఉన్న మట్టిలోకి, గాలిలోకి, పొరుగు మొక్కల పూలలోకి కూడా తన రసాయనాలను వదులుతుంది. పొరుగు మొక్కలు వాటికి తట్టుకోలేకపోతున్నాయి. ఈ రోజు ప్రసంగం ఆ రసాయనాల గురించే.

ముందు ఈ మొక్క పుట్టుపూర్వోత్తరాలు. శాస్త్రీయ నామం పార్థీనియం హిస్టెరోఫోరస్. పొద్దుతిరుగుడు, చామంతి, బంతి ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. సొంత గడ్డ మెక్సికో, మధ్య అమెరికా, ఆ చుట్టుపక్కల దీవులు. మన దేశంలో ఇది కలుపుగా నమోదైంది 1955లో, పూనా దగ్గర. అమెరికా గోధుమలతో పాటు ఓడల్లో వచ్చిందని అందరూ అనుకునే మాట. కాంగ్రెస్ గడ్డి అన్న పేరు కూడా ఆ రోజుల్లోనే పుట్టింది. పి.ఎల్. 480 అనే అమెరికా చట్టం కింద వచ్చిన గోధుమలే దీన్ని తెచ్చాయని చాలా చోట్ల రాస్తుంటారు గానీ, ఆ చట్టం కింద మన దేశం మొదటి ఒప్పందం చేసుకున్నది 1956 ఆగస్టులో. మొక్క అంతకు ఏడాది ముందే పూనాలో ఉంది. ఆహార సహాయంగా అమెరికా గోధుమలు 1951 నుంచే వస్తున్నాయి కాబట్టి గోధుమల మీద అనుమానం మాత్రం పోదు. ఎలా వచ్చినా, ఈనాడు దేశంలో మూడున్నర కోట్ల హెక్టార్ల దాకా ఇది వ్యాపించిందని అంచనా.

ఇప్పుడు ఆకు దగ్గరికి వద్దాం. వయ్యారిభామ ఆకును చేత్తో తాకితే కొంచెం గరుకుగా, నూగుగా ఉంటుంది. భూతద్దం కింద పెడితే ఆ నూగు వెంట్రుకల్లా కనబడుతుంది. వాటిలో కొన్ని వెంట్రుకలు ఉత్తవి కావు, రసాయనం నిల్వ చేసుకునే గదులు. కాండం మీద, పూల మీద కూడా ఇవి ఉంటాయి. అందులోని ముఖ్యమైన పదార్థం పేరు పార్థెనిన్. చేదుగా ఉంటుంది. పశువులు ఈ మొక్కను వదిలేయడానికి ఆ చేదే కారణం. గతిలేక తిన్న ఆవు పాలకు కూడా ఆ చేదు ఎక్కుతుంది.

పార్థెనిన్ అణువులో ఒక కొస చాలా చురుకైనది. జీవకణంలోని ప్రోటీన్లలో గంధకం ఉన్న చోటు దొరికితే దానికి వెళ్లి అంటుకుంటుంది. అంటుకున్నాక ఆ ప్రోటీన్ తన పని తాను చేయలేదు. మొలకెత్తుతున్న గింజలో ఇది జరిగితే వేరు సాగదు. ఇదే పార్థెనిన్ మనిషి చర్మంలోని ప్రోటీన్లకు అంటుకున్నప్పుడు శరీరం దాన్ని శత్రువుగా లెక్కగట్టి తిరగబడుతుంది. అప్పుడు కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబారి, దురదపెట్టి, రసి కారి, చివరికి తోలు మందమైపోతుంది. పూనా ప్రాంతపు రోగుల్లో ఈ చర్మవ్యాధిని వర్ణిస్తూ 1970ల్లోనే వైద్య పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. చేలో కలుపు తీసే కూలీలకు ఈ బాధ ఇప్పటికీ తప్పడం లేదు. గడ్డిమొలకను ఆపేదీ, కూలి మనిషి చేతిని కాల్చేదీ ఒకే అణువు. వ్యవసాయ శాఖ, వైద్య శాఖ ఈ మొక్క గురించి ఎవరి కరపత్రం వారు వేసుకోవడం ఎందుకు, కలిసి వేయవచ్చు కదా అనిపిస్తుంది.

పార్థెనిన్ ఒక్కటే కాదు. కెఫీక్, వెనిలిక్, ఫెరూలిక్, క్లోరోజెనిక్ ఆమ్లాల వంటి ఫినోలిక్ పదార్థాలు కూడా వేర్ల నుంచీ ఆకుల నుంచీ దిగుతాయి. టీపొడి మీద వేడినీళ్లు పోస్తే సారం దిగినట్టు, వాన చినుకు ఆకు మీదుగా జారుతూ వీటిని మట్టిలోకి దింపుతుంది. బతికున్న వేరు కొంత వదులుతుంది. మొక్క ఎండి రాలిపోయాక కుళ్లే ఆకు, కాడ ఇంకా ఎక్కువ వదులుతాయి. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వయ్యారిభామ చెత్తను మట్టిలో కలిపి అందులో శనగ, ముల్లంగి పెంచి చూశారు. ఆ మట్టిలో ఫినోలిక్‌లు పెరిగాయి, మొక్కల ఎదుగుదల తగ్గింది. అంటే మొక్కను పీకి చేలోనే పడేసినంత మాత్రాన దాని ప్రభావం పోలేదన్నమాట.

ఈ విషయంలో మన పొరుగునే, బెంగళూరు విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగంలో, 1979, 1980 ప్రాంతంలో జరిగిన పని ఇప్పటికీ తలచుకోదగ్గది. కాంచన్, జయచంద్ర అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేరు నుంచి వచ్చే పదార్థాలు ఏమిటి, ఆకు నుంచి కారేవి ఏమిటి, అవి ఏ పంట మీద ఎలా పనిచేస్తాయి అని వరసపెట్టి పరీక్షించారు. పప్పుజాతి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టే సూక్ష్మజీవులు కూడా ఈ రసాయనాలకు దెబ్బతింటాయని చూపించారు. కంది, వేరుశనగ, శనగ వేసే మెట్టరైతుకు ఇది చిన్న సంగతి కాదు. ఆ పైర్లకు ఎరువు కొననక్కర్లేని నత్రజని ఆ బుడిపెల నుంచే వస్తుంది.

వాళ్లు కనిపెట్టిన వాటిలో అన్నిటికంటే ఆశ్చర్యకరమైనది పుప్పొడి సంగతి. పూతలో ఉన్న వయ్యారిభామ ఒక్కటే కోట్లాది పుప్పొడి రేణువులు వదులుతుంది. గాలికి లేచి పక్క చేలోని ఆకుల మీద, పూల మీద పడతాయి. ఆకు మీద పేరుకుంటే అందులోని పత్రహరితం తగ్గింది. పూవు మీద పడినప్పుడు జరిగింది ఇంకా విచిత్రం. మిరప, టమాటా, వంగ, చిక్కుడు, మొక్కజొన్న వంటి పైర్ల కీలాగ్రం మీద, అంటే సొంత పుప్పొడి వచ్చి దిగాల్సిన చోట, ఈ పరాయి పుప్పొడి పడితే కాయ కట్టడం దెబ్బతింది. పుప్పొడి ద్వారా కూడా ఒక మొక్క ఇంకొక జాతి మొక్కను అణచగలదన్న సంగతిని అప్పట్లో ఒక కొత్త విషయంగా ఆ ఇద్దరూ ప్రపంచం ముందు పెట్టారు. మిరప తోటలో పూత బాగానే వచ్చినా కాయ నిలవకపోతే మందుల దుకాణానికి పరుగెత్తేముందు గట్టు మీద ఏం పూసి ఉందో కూడా ఒకసారి చూడాలి.

ఈ రసాయనాలు ఆ మొక్క సొంత పిల్లల్ని కూడా వదలవు. వయ్యారిభామ విత్తనం చుట్టూ ఉండే పొట్టులో నీటికి కరిగే నిరోధకాలు ఉంటాయి. చిన్న జల్లుకు అవి పూర్తిగా కడుక్కుపోవు, విత్తనం మొలవదు. నేల బాగా తడిసే వాన పడితేనే అవి కొట్టుకుపోయి మొలక బయటికి వస్తుంది. జల్లుకు మొలిచి ఎండకు మాడిపోయే ప్రమాదం ఆ విధంగా తప్పుతుంది. మట్టిలో లోతున పడ్డ విత్తనం ఏళ్ల తరబడి ఆ వాన కోసం ఆగగలదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఆకును నూరి, ఆ కషాయాన్ని గాజు పళ్లెంలోని గింజల మీద పోస్తే ఏ మొక్క కషాయమైనా ఎంతో కొంత ఆపుతుంది. వేప కషాయం పోసినా ఆపుతుంది. అలాంటి ప్రయోగాలు మన విశ్వవిద్యాలయాల్లో వందల కొద్దీ జరిగాయి. వాటిని చూసి చేలోనూ అలాగే జరుగుతోందని చెప్పేస్తే తొందరపాటే. మట్టిలో పార్థెనిన్ ఎక్కువ కాలం నిలవదు. సూక్ష్మజీవులు దాన్ని కొద్ది రోజుల్లోనే విరగ్గొట్టేస్తాయి. నేల రకాన్ని బట్టి, వేడిని బట్టి ఆ వేగం మారుతుంది. వయ్యారిభామ దెబ్బ అంతా పార్థెనిన్ ఒక్కదాని వల్లే అనడానికి లేదని, అనేక పదార్థాలు కలిసి, పైగా నీడా పోటీ తోడై పనిచేస్తున్నాయని ఇటీవలి పరిశోధకులు అంటున్నారు. ఈ మాటే నమ్మదగ్గదిగా ఉంది.

తొందరపడితే ఏమవుతుందో అమెరికాలో ఒక ఉదాహరణ ఉంది. యూరప్, ఆసియాల నుంచి వెళ్లి అమెరికా పచ్చికబయళ్లను ఆక్రమించిన నాప్‌వీడ్ అనే కలుపు జాతి ఒకటి వేరు నుంచి కెటెకిన్ అనే పదార్థాన్ని వదిలి పొరుగు మొక్కలను చంపుతుందని 2003లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. పెద్ద సంచలనమైంది. తర్వాత వేరే పరిశోధకులు ఆ మట్టిలో వెతికితే వ్యాసంలో చెప్పినంత కెటెకిన్ దొరకలేదు. 2010లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. అంతమాత్రాన మొక్కల మధ్య రసాయన పోరే లేదని ఎవరూ అనలేదు. ఆస్ట్రియా శాస్త్రవేత్త హాన్స్ మోలిష్ ఈ విషయానికి 1937లోనే అల్లెలోపతి అని పేరుపెట్టాడు. అయితే గాజు పళ్లెంతో సరిపెట్టుకోకుండా పొలం మట్టిలో రుజువు చూపాలన్న పట్టుదల ఆ తర్వాత పెరిగింది. అది మంచిదే.

సరే, ప్రతి మొక్కలోనూ ఏవో రసాయనాలు ఉన్నప్పుడు పరాయి కలుపు మొక్కలే ఎందుకు ఇంత దెబ్బ తీస్తున్నాయి? దీనికి 2000లో అమెరికాకు చెందిన రేగన్ కాలవే, ఎరిక్ ఆషెహౌగ్ చేసిన ప్రయోగం ఒక జవాబు ఇచ్చింది. వాళ్లు తీసుకున్నది నాప్‌వీడ్‌లోనే ఇంకొక జాతి. దాన్ని ఒకవైపు దాని సొంత ప్రాంతమైన కాకసస్ గడ్డి జాతులతోనూ, ఇంకొకవైపు అమెరికాలోని మోంటానా గడ్డి జాతులతోనూ కలిపి కుండీల్లో పెంచారు. కాకసస్ గడ్డి తట్టుకుంది. మోంటానా గడ్డి బాగా కుంగిపోయింది. రసాయనాలను పీల్చేసే బొగ్గుపొడిని మట్టిలో కలిపితే మోంటానా గడ్డి కొంత కోలుకుంది. అంటే వేల ఏళ్లుగా పక్కపక్కన బతికిన మొక్కలు ఆ రసాయనానికి అలవాటుపడ్డాయి, కొత్త దేశంలోని మొక్కలకు ఆ అలవాటు లేదు. ఆయుధం బలం దాని విషంలో కంటే దాని కొత్తదనంలో ఎక్కువ ఉంది. వయ్యారిభామ విషయంలోనూ ఇదే సూత్రం వర్తించవచ్చు. మెక్సికోలో అది అనేక మొక్కల్లో ఒకటి. మన గరికకు, మన తుమ్మికి పార్థెనిన్‌తో పరిచయం డెబ్బై ఏళ్లది మాత్రమే.

ఈ సూత్రానికి మన కళ్ల ముందే ఇంకొక సాక్ష్యం ఉంది. జమ్మి చెట్టు, సర్కారు తుమ్మ చాలా కాలం ఒకే ప్రజాతిలో లెక్కకట్టిన దాయాదులు. జమ్మి ఇక్కడిదే. దసరాకు పూజిస్తాం, తెలంగాణకు రాష్ట్ర వృక్షం. సర్కారు తుమ్మ దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చింది. వంటచెరకు కొరత తీరుతుందని 1870ల్లో అప్పటి మద్రాసు అటవీ అధికారులు విత్తనాలు తెప్పించారు. 1877 ప్రాంతంలో జమైకా నుంచి వచ్చిన ఆ విత్తనాలను నాటింది ఎక్కడో కాదు, కడప జిల్లా కమలాపురంలో. ఈనాడు సర్కారు తుమ్మ లేని చెరువుకట్ట రాయలసీమలో అరుదు.

ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఇతర దేశాల వారితో కలిసి ఈ రెండు చెట్ల కింద ఏం మొలుస్తున్నాయో పోల్చి చూశారు. ఆ అధ్యయనం 2012లో వెలువడింది. జమ్మి కింద ఇతర మొక్కలు హాయిగా ఉన్నాయి. సర్కారు తుమ్మ కింద జాతుల సంఖ్య బాగా తగ్గింది. సర్కారు తుమ్మ ఆకుల నుంచి దిగే నీటిలో ఫినోలిక్‌లు, ఎల్-ట్రిప్టోఫాన్ అనే పదార్థం జమ్మి కంటే ఎక్కువగా ఉన్నాయి. విశేషమేమిటంటే, సొంత గడ్డ మీద సర్కారు తుమ్మ తన కింది మొక్కలను ఇంతగా తొక్కిపెట్టడం లేదు. రాజస్థాన్ రైతులు సజ్జ చేను నడుమ జమ్మిని నరకకుండా ఉంచుకుంటారు. సర్కారు తుమ్మను చేను నడుమ ఉంచుకునే రైతు ఎక్కడా ఉండడు.

కొత్తదనం కాలంతో పాతబడుతుందా అన్న ప్రశ్నకు కూడా కొంత సమాధానం దొరికింది. యూరప్ నుంచి అమెరికా అడవుల్లోకి వెళ్లిన గార్లిక్ మస్టర్డ్ అనే ఆవజాతి మొక్క అక్కడి చెట్ల వేర్లతో సహజీవనం చేసే శిలీంధ్రాలను చంపి, మేపుల్ వంటి చెట్ల నారును ఎదగనీయకుండా చేస్తుంది. అయితే ఈ మొక్క వచ్చి చాలా కాలమైన చోట్ల దాని విషం మోతాదు తగ్గిందని 2009లో తేలింది. ఎదురులేని చోట ఆయుధం తయారుచేసుకోవడానికి మొక్క ఖర్చు పెట్టడం మానుకుంటుంది. వయ్యారిభామ కూడా అలాగే మెత్తబడుతుందని కూర్చుంటే మాత్రం లాభం లేదు, ఎందుకంటే దానివల్ల నష్టం రసాయనాలతో ఆగదు.

2000 సంవత్సరం ఖరీఫ్‌ను అనంతపురం జిల్లా వేరుశనగ రైతులు మరచిపోలేరు. చేలకు చేలు కాండం కుళ్లిపోయి ఎండిపోయాయి. దాదాపు రెండు లక్షల పాతిక వేల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా వేశారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పరీక్షించి, ఇది పొగాకు స్ట్రీక్ వైరస్ పని అని తేల్చారు. ఆ వైరస్‌ను దాచుకున్నది వయ్యారిభామ. దాని ఆకు మీద జబ్బు ఛాయ కూడా ఉండదు, వైరస్ మాత్రం పుప్పొడిలో ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని వేరుశనగ మీద వాలి, ఆకును గీరినప్పుడు ఆ గాయం గుండా వైరస్ లోపలికి వెళ్లింది. బెంగళూరులో కాయ కట్టనీయని పుప్పొడే అనంతపురంలో వైరస్‌ను మోసింది.

మరి దారేమిటి? 1983లో మెక్సికో నుంచి జైగోగ్రామా అనే చిన్న పెంకు పురుగును బెంగళూరుకు తెప్పించి, పరీక్షించి, మరుసటి ఏడాది వదిలారు. తెల్లటి రెక్కల మీద గోధుమరంగు గీతలుండే ఈ పురుగు వయ్యారిభామ ఆకులను ఈనెలు మిగిల్చి తినేస్తుంది. కొన్నాళ్లకు పొద్దుతిరుగుడు మీద కూడా కనిపించిందని గొడవ లేచింది, ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. పొద్దుతిరుగుడు ఆకుల మీద పడ్డ వయ్యారిభామ పుప్పొడే పురుగును అటు లాగిందని తర్వాత తెలిసింది. వానాకాలంలో అది బాగా పనిచేస్తుంది, ఎండలు ముదిరితే మట్టిలోకి పోయి నిద్రిస్తుంది. ఒక్క దాని మీదే భారం వేయలేం.

చేతితో పీకడమే ఇప్పటికీ నమ్మకమైన పని. నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందు, వేరుతో సహా పీకాలి. చేతికి తొడుగు లేకపోతే ప్లాస్టిక్ సంచి అయినా కట్టుకోవాలి. చర్మానికి ఒకసారి పడకపోతే ఆ మనిషి మళ్లీ ఆ మొక్క దగ్గరికి పోకూడదు. పీకినదాన్ని గట్టు మీద కుప్పవేస్తే వానకు దాని సారం మళ్లీ చేలోకే దిగుతుంది. గుంట తీసి, పేడ, మట్టి పొరలు పొరలుగా వేసి నాలుగైదు నెలలు మాగబెడితే రసాయనాలు విరిగిపోయి మంచి ఎరువు అవుతుంది. పూత వచ్చినదాన్ని మాత్రం గుంటలో వేయవద్దు, విత్తనాలు చేలోకి తిరిగొస్తాయి. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు పార్థీనియం వారం జరుపుతుంది. అప్పటికి నేల మెత్తగా ఉంటుంది.

పీకిన చోటు ఖాళీగా వదిలితే వచ్చేది మళ్లీ వయ్యారిభామే. అక్కడ దాన్ని నిలువరించగల మొక్క మన ఊళ్లలోనే ఉంది. తంటెం, కొన్నిచోట్ల తగిరిస అంటారు. గుంపుగా మొలిచి నేలను కమ్మేసి, నీడతోనూ తన సొంత రసాయనాలతోనూ వయ్యారిభామ మొలకలను అణచిపెడుతుంది. లేత ఆకును కూర వండుకునే ఇళ్లు కూడా ఉన్నాయి. దాని సన్నటి పొడుగు కాయలు అక్టోబరు, నవంబరు నెలల్లో ఎండుతాయి. బడిపిల్లలు సాయం చేసినా ఒక పూటలో సంచెడు గింజ చేరుతుంది. తొలకరికి ముందు రోడ్డు వారగా, బడి ఆవరణలో, చెరువుకట్ట మీద చల్లుకోవడానికి ఆ గింజను ఈ ఏడాదే దాచిపెట్టుకోవాలి.